ఐదో తరగతి ఫీజు, రెండో తరగతి పాఠం

గోదావరిఖనిలో మాది గాజుల దుకాణం. పదేళ్ల కిందట నేను బడివాళ్లనే బేరంలో ఓడించాను.

అప్పుడు ఐదో తరగతిలో ఉన్న మా అమ్మాయి లావణ్యకు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉండేది. తెలుగు చదివే గంట మాత్రం దాన్ని రెండో తరగతిలో కూర్చోబెడుతున్నారని తెలిసి, దుకాణం వదిలేసి బడికి వెళ్లాను.

“ఐదో తరగతి ఫీజు తీసుకొని రెండో తరగతి పాఠం చెప్తరా సార్? గాజులు నేనిట్ల అమ్మితే ఊకుంటరా?”

“అక్కా, గక్కడ ఇప్పుడిప్పుడే జర చదువుతున్నది. కొన్ని దినాలు ఆగుండ్రి,” అన్నాడు సారు.

నేను ఆగలేదు. లావణ్యను పూర్తిగా ఐదో తరగతికే మార్పించి, గెలిచానని నలుగురికీ చెప్పుకున్నాను.

తల్లిదండ్రులను పిలిచిన రోజు పిల్లలు ఒక్కొక్కరే లేచి చదివారు. లావణ్య పుస్తకం పట్టుకొని నిలబడింది. నోరు పెగల్లేదు. వెనక నవ్వులు మొదలయ్యాయి. అందరూ చూస్తుండగానే దాని యూనిఫాం తడిసి, కాళ్ల కింద మడుగు కట్టింది.

ఇంటిదారిలో ఒక్కమాటే అంది. “రెండో తరగతిల నాకు చదువొస్తుండె అమ్మా.”

మళ్లీ అది బడి గడప తొక్కలేదు. బతిమాలాను, కొట్టాను, వేరే బడి చూశాను. ఇప్పుడు దానికి ఇరవై ఏళ్లు. బస్సు ఎటు పోతుందో పక్కవాళ్లనడిగి ఎక్కుతుంది. నేను గెలిచిన బేరానికి ఖరీదు లావణ్యే ఇంకా కడుతోంది.