కొత్త మచ్చ

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మచ్చల మాస్టారంటే చాలు. ముప్పై ఏళ్ళుగా లాండ్రీ నడుపుతూ సిరా, తుప్పు, నూనె, నెత్తురు అన్నిటి అంతూ చూసిన మనిషి. ఎవరు ఏ బట్ట తెచ్చినా వెలుతురుకి ఎత్తిపట్టి ఒకటే అడిగేవాడు: "కొత్తదా, పాతదా?" కొత్తదంటే మొహం విప్పారేది. పాతదంటే మాత్రం, "చూద్దామండీ, వదిలిపెట్టి వెళ్ళండి" అనేవాడు. పోదని మొహం మీద చెప్పడానికి నోరు రాదు పాపం. కౌంటర్లో చీటీలు రాసే భార్య ఆ మాట చెవిన పడగానే చీటీ మూల చిన్న సున్నా చుట్టేది. పోని మచ్చ అని దానర్థం. అది వాళ్ళిద్దరికే తెలుసు.

మూడు నెలలుగా దగ్గు వదల్లేదు. "మచ్చల మందు వాసన పడటంలేదు, అంతే" అని ఆయన దాటేస్తుంటే, భార్య పోరు పెట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందండీ. ఏమిటన్నది ఈ ఒక్కదాంతో చెప్పలేను. పాత ఎక్స్‌రే ఉంటే తీసుకురండి. మచ్చ పాతదో కొత్తదో తేలాలి" అంది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "గడ్డ అనలేదు, పుండు అనలేదు. మచ్చేనటే. మనకి తెలియని మచ్చా?" అన్నాడు దారిలో.

నాలుగేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఛాతీకి తీసిన ఎక్స్‌రే ఇంట్లోనే ఉండాలి. ఇల్లంతా తిరగేస్తే బీరువా మీద, పాత పెట్టె కింద దొరికింది. రెండు ఫిల్ములూ కిటికీ దగ్గర పక్కపక్కన పట్టి చూశాడు. పాతదాంట్లో ఆ చోట ఏమీ లేదు.

"కొత్తదే. పోతుంది చూడు" అన్నాడు. ఆ పూట దగ్గుతూనే ఈల వేశాడు, పిచ్చి మారాజు. భార్య కూడా చాన్నాళ్ళకి కడుపునిండా తింది.

మర్నాడు రెండు ఫిల్ములూ బల్లమీద పెట్టి, "కొత్తదేనండీ డాక్టరమ్మగారూ, ఢోకా లేదు" అన్నాడు.

ఆవిడ రెండూ చాలాసేపు చూసింది. "పాతదైతే బాగుండేదండీ. ఏళ్ళ తరబడి మారకుండా ఉన్నది చాలావరకు మానిన గాయపు గుర్తే అయి ఉంటుంది. కొత్తగా పుట్టి ఇంత పెరిగిందంటేనే అనుమానం. స్కాన్ తీయాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"పోతుందాండీ?" ముప్పై ఏళ్ళుగా జనం తనని అడిగిన మాటే. నోరు జారాక గానీ ఆయనకు తెలియలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, "చూద్దామండీ" అంది.

ఆయన భార్యవైపు తిరిగాడు. ఆమె తల వంచుకుని ఉంది. ఒళ్ళో ఉన్న ఎక్స్‌రే కవరు మూల ఆమె చూపుడువేలు సున్నా చుడుతోంది. సగంలోనే ఆయన ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దే," అన్నాడు. "ఆవిడ నిజంగానే చూద్దామంటోందేమో."