వచ్చెయ్ అన్న ఆదివారం

ఆ రోజుల్లో నాకు నా మీద చాలా గౌరవం ఉండేది. ఆ రోజులంటే లాంతర్లు, ఎడ్లబండ్లు ఊహించుకోకండి. మూడేళ్ల కిందటి మాట, అంతే. కానీ మనిషి తన గురించి తాను ఒక సంగతి తెలుసుకున్నాక, దానికి ముందరి రోజులన్నీ పాతకాలం కిందికే వస్తాయి. అప్పటికి నేను మంచి అన్నను. ఊళ్లో అందరూ అదే అనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. మేడ్చల్ దగ్గర మాత్రలు అట్టపెట్టెల్లో సర్దే కంపెనీలో పని. గౌడవెల్లిలో ఇల్లు. ఇంట్లో కూరగాయలు పండించే నాయిన, అమ్మ, అవ్వ, నాకంటే అయిదేళ్లు చిన్నదైన చెల్లెలు. దానికి మేం పెట్టుకున్న పేరు గిర్నీ. పిండి గిర్నీలాగే పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా దాని నోరు ఆగదు. (కరెంటు పోయినా ఆగదని అవ్వ అంటుంది.)

నేవీలో చేరాలన్నది అసలు నా కోరిక. సముద్రాన్ని చూసింది లేదు. శామీర్‌పేట చెరువు నిండినప్పుడు చూసి, అవతలి గట్టు కనబడకపోతే ఇదే సముద్రం కదా అనుకున్నవాణ్ణి. పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లవారగానే హైవే పక్కన ఉరికేవాణ్ణి. అక్కడ పంక్చర్ల దుకాణం పెట్టుకున్న చాచా తన ఫోను చూసి టైము చెప్పేవాడు. గిర్నీ నా నీళ్ల సీసా పట్టుకుని నా వెంట ఉరికేది, మధ్యలో దాహమైతే ఇద్దామని. ఒకరోజు నేను రొప్పుకుంటూ దుకాణం చేరేసరికి అది ముందే వచ్చి, స్టూలు మీద కూర్చుని చాచాతో ముచ్చట్లు పెట్టుకుంటోంది. చాచా గడ్డం నిమురుకుంటూ, "బేటా, నీకంటే ముందుగాల నీ పానీ బాటిల్ వచ్చింది" అన్నాడు. అప్పుడు దానికి పద్నాలుగేళ్లు, కాళ్లకు హవాయి చెప్పులు. నేను గట్టిగానే నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నవ్వు కొంచెం ఎక్కువ సేపు నవ్వినట్టున్నాను.

మూడుసార్లు పోయాను నేవీకి. మొదటిసారి పరుగులో పోయింది. రెండోసారి రాతపరీక్షలో పోయింది. మూడోసారి ఆ రెండూ గట్టెక్కి వైద్య పరీక్షదాకా చేరాను. డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం నా ముందు తెరిచి, ఇందులో ఏం కనిపిస్తోందని హిందీలో అడిగాడు. చుక్కలు సార్ అన్నాను. ఇంకో పేజీ తిప్పాడు. ఇవీ చుక్కలే సార్ అన్నాను. ఆ చుక్కల మధ్య అంకెలుంటాయట, అందరికీ కనిపిస్తాయట. ఎరుపుకూ ఆకుపచ్చకూ నాకు తేడా సరిగా తెలియదన్న సంగతి ఇరవయ్యేళ్లు నిండాక, ఒంటి మీద బనీను కూడా లేకుండా నిలబడి తెలుసుకున్నాను. పట్టపగలు చుక్కలు కనిపించాయని జనం ఎందుకంటారో ఆ రోజు బాగా బోధపడింది. ఊరికి వస్తే ఎదురొచ్చిన ప్రతివాడూ నా భుజం తట్టి ఒకటే మాట: "పోనీ తియ్యి, అందరికి రాసిపెట్టి ఉంటదా?" ఆ మాటా, ఆ తట్టడమూ నాకు ఎముకలదాకా దిగాయి.

తర్వాత ఆడపిల్లల్నీ నావికులుగా తీసుకోవడం మొదలుపెట్టారు. గిర్నీ నా పాత పుస్తకాలే చదివింది, చాచా దుకాణం ముందే ఉరికింది, మొదటిసారికే ఎంపికైంది. అవ్వకు నేవీ అంటే నావ అని వినబడింది. "పడవ నడపనీకి ఆడివిల్లను తోల్తార్రా? గంగల ఏస్తున్నరు పిల్లను" అని రెండు రోజులు అన్నం మానేసింది. నేను ఊరంతా మిఠాయి పంచాను. కొంపల్లికి పోయి దానికి మంచి బూట్లు తెచ్చాను. అందరూ "అన్నంటే గట్లుండాలె" అన్నారు. కొందరు మాత్రం "అన్నకు కానిది చెల్లె జేసింది" అన్నారు. నేను మిఠాయి డబ్బా వాళ్ల ముందుకే ఇంకోసారి జరిపాను. తినేవాడి నోరు కాసేపైనా ఆగుతుంది కదా.

శిక్షణ ఒడిశాలో, నాలుగు నెలలు. అక్కడ ఫోన్లు తీసిపెట్టుకుంటారు, ఆదివారం కాసేపు మాట్లాడుకోనిస్తారు. దాంతో మా ఇంట్లో ఆదివారం పండుగైంది. అమ్మ తలస్నానం చేసి కూర్చునేది, అవ్వ మంచం వాకిట్లోకి జరిపించుకునేది, నాయిన తోటకు పోకుండా ఆగేవాడు. ఫోను మాత్రం నా చేతిలో. నేవీ సంగతులు తెలిసినవాణ్ణి నేనే కదా! (మూడుసార్లు తప్పినవాడికి ఉండేంత పరిజ్ఞానం నెగ్గినవాడికి ఎక్కడినుంచి వస్తుంది?) "క్రమశిక్షణ ముఖ్యం, బూట్లు మెరవాలె, సీనియర్ల ముందట నోరు అదుపుల పెట్టుకో" అని నేను చెబుతూనే ఉండేవాణ్ణి. అవతల గిర్నీ ఊ కొడుతూనే ఉండేది. చివరి అర నిమిషం అమ్మకు ఇస్తే, అమ్మ "తిన్నవా బిడ్డా" అనేలోపు అయిపోయేది. జడ తీసేశారని చెప్పినరోజు కూడా అమ్మకు ఏడవడానికి టైము చాలలేదు.

దానికి కష్టమైంది ఒక్కటే, ఈత. మా ఊళ్లో వ్యవసాయ బావులు ఎండిపోయి చెత్తతో నిండాయి, అన్నీ బోర్లే. ఈత నేర్చుకునే చోటెక్కడ? అక్కడేమో ఎత్తు మీది నుంచి లోతు నీళ్లలోకి దూకి, ఆ చివరిదాకా ఈదాలి. గిర్నీ దూకే బల్ల కొసకు పోయి, కిందికి చూసి, వెనక్కి వచ్చేసింది. ఒక్కసారి కాదు, రోజూ అదే. నేర్చుకోకపోతే వెనక బ్యాచికి దింపుతారని తోటి పిల్లలు భయపెట్టారు. ఇది విని నేను కొంపల్లిలో ఒక ఈత కొలనుకు పోయాను. నేను నేర్చుకుని ఫోనులో దానికి నేర్పిద్దామని. నవ్వండి, పరవాలేదు. అక్కడ అందరూ ఏడెనిమిదేళ్ల పిల్లలు. మొదటి రోజే కాలు జారి మునిగాను. నీళ్లు మింగి, చేతులు కొట్టుకుని, అమ్మను తలుచుకుని, అవ్వను తలుచుకుని, ఇక కంపెనీవాళ్లు నా స్థానంలో ఎవరిని పెట్టుకుంటారో అని కూడా తలుచుకుంటుండగా, పక్కన గాలి బుడగల చొక్కా తొడుక్కున్న ఒక చిన్నపాప, "అంకుల్, ఇక్కడ నిల్చోవచ్చు" అంది. నిలబడ్డాను. నీళ్లు నడుముదాకా ఉన్నాయి.

ఆ ఆదివారం గిర్నీకి గంభీరంగా చెప్పాను. "నీళ్లకు భయపడొద్దు. నీళ్లు మనల్ని పైకి తోస్తయి."

"నిన్ను తోసినయా అన్నా?" అంది. దానికి మాత్రం మాటల్లో ఈత ఎప్పుడూ వచ్చు.

ఇక ఆరో ఆదివారం సంగతి. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను, ఇక్కడిదాకా వచ్చాక మాత్రం బల్ల కొసన నిలబడ్డట్టుంది. ఆ రోజు ఫోను మోగి, ఎత్తితే అవతల మాట లేదు. గిర్నీ మాట్లాడకపోవడం నా జన్మలో అదే మొదలు. ఏదో జరిగిందనుకుని, సిగ్నలు లేదన్నట్టు నటించి, ఫోను పట్టుకుని గొడ్ల కొట్టం వెనక్కి పోయాను. అప్పుడు అది ఏడ్చింది. పరీక్ష రెండోసారీ తప్పింది. "రాత్రి కలల కూడ నీళ్లే వస్తున్నయి అన్నా. ఇంకొక్క చాన్స్ ఉందన్నరు. నాతోని అయితలేదు. వచ్చేయనా?"

వచ్చెయ్ అన్నాను.

వెంటనే అన్నాను. "వచ్చెయ్ బిడ్డా. గింత పరేషాన్ ఎందుకు? ఎవలేమంటరు? నేను లేనా?" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానంటే, ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతల గిర్నీ ముక్కు చీదుకుంది. తర్వాత, "సరే అన్నా" అని పెట్టేసింది. వాకిట్లోకి వచ్చి, మస్తుగ తింటుందట, బాగుందట, లైను కట్టయిందని చెప్పాను. అమ్మ మాట్లాడనేలేదని మొహం చిన్నబుచ్చుకుంది. నేను నా మంచం మీద పడుకున్నాను. ఎండలో తిరిగొచ్చి సల్ల తాగినట్టు లోపల చల్లగా ఉంది. ఎందుకుందో అప్పుడు నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ వారమంతా కంపెనీలో మాత్రలు సర్దుతూ, అది వచ్చాక ఏం చెయ్యాలో ఆలోచించుకున్నాను. స్టేషనుకు నేనే పోవాలి. సంచి నేనే అందుకోవాలి. దాన్ని ఏడవనివ్వాలి. భుజం తట్టాలి. తట్టి ఏమనాలి? చాలా ఆలోచించగా దొరికిన మాట: పోనీ తియ్యి, అందరికి రాసిపెట్టి ఉంటదా? ఆ మాట దొరికినప్పుడు నా చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయి చాలాసేపు అలాగే నిలబడితే, సూపర్‌వైజరు వచ్చి ఆరోగ్యం బాగుందా అని అడిగాడు.

తర్వాతి ఆదివారం ఫోను రాలేదు. అమ్మ తడి జుట్టు ఆరిపోయేదాకా కూర్చుంది. అవ్వ "మునిగిందా ఏందిరా" అని ఒక్కసారి అని, తన నోరు తానే కొట్టుకుంది. నేను మాత్రం రైల్లో ఉందేమో, రేపో మాపో దిగుతుందేమో అనుకుంటూ, ఎవరికీ చెప్పకుండా సోమవారం డ్యూటీ అయ్యాక స్టేషను దాకా పోయివచ్చాను. మంగళవారం కూడా పోయాను. ఏ రైలూ దాన్ని దింపలేదు.

ఎనిమిదో ఆదివారం మోగింది. "అమ్మకియ్యి" అంది మొదటి మాటే. ఇచ్చాను. అమ్మ ఏడ్చింది, నవ్వింది, నాయినకిచ్చింది, నాయిన "శభాష్" అన్నాడు, అవ్వ ఫోనును తలకిందులుగా పట్టుకుని ఆశీర్వదించింది. పిల్ల దూకింది, ఈదింది, నెగ్గింది. పోయిన వారం ఆ అభ్యాసం కోసమే ఫోను వదులుకుందట. చివరి అర నిమిషం నాకు దక్కింది.

"నా మాట విని ధైర్యం చేసినవ్ గద" అన్నాను. సిగ్గు అనేది ఒకేసారి రాదు, వాయిదాల్లో వస్తుంది.

"నీ మాట వినే దునికిన అన్నా. మొన్న వచ్చెయ్ అన్నప్పుడు నీ గొంతు మస్తు ఖుషీగ ఉండె. నాతోని నువ్వు ఎన్నడు గంత మంచిగ మాట్లాడలే. గా గొంతు యాది జేస్కొని దునికిన. నీళ్లు ఏం భయం కాలె."

టైము అయిపోయింది. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. "ఏమన్నది రా" అని అమ్మ అడిగింది. థాంక్స్ చెప్పింది అన్నాను.

శిక్షణ ముగిసే రోజు కవాతుకు ఇంట్లోవాళ్లు రావచ్చన్నారు. నాయినా అమ్మా బట్టలు సర్దుకున్నారు. నాకు లీవు దొరకలేదన్నాను. నాయిన టమాటాల గంప దించి, చేతులు దులుపుకుని, నా మొహం చూడకుండానే అన్నాడు: "లీవు దొర్కుతలేదా, మొకం సెల్తలేదా?"

నేను వంగి, గంపలోంచి దొర్లిన టమాటా ఒకటి ఏరి మళ్లీ అందులో వేశాను.

"కొట్టం ఎన్క నిలవడి మాట్లాడితే గొడ్లకే ఇనవడ్తదనుకున్నవా? గడ్డి ఏస్తున్న నేను. అంత ఇన్న." మళ్లీ గంప ఎత్తుకున్నాడు. "నీకు కాలేదన్న మంట నీకుంటది. ఉండనియ్. నేను గూడ సూసిన, నీకెంత అయిందో. గని గా మంటల పిల్లను ఎయ్యకు. నడువ్, మూడు టికెట్లు జేస్కున్నం."

రెండు నెలలకు పైగా ఆ మాట కడుపులో పెట్టుకుని నాతో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాడు మా నాయిన. నన్ను తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

కవాతు మైదానంలో వందల మంది, అందరూ తెల్లటి బట్టల్లో, అందరూ ఒకేలా. నాకు గిర్నీ ఎక్కడుందో తెలియలేదు. అమ్మ మాత్రం దూరం నుంచే నడక చూసి చెయ్యి చాపి చూపించింది. అంతా అయ్యాక అది మా దగ్గరికి వచ్చింది. ఎండకు కమిలి నల్లబడింది, మెడ నిటారుగా ఉంది. మాటకు ముందు ఒక్క క్షణం ఆగడం కొత్తగా నేర్చుకుంది. తన టోపీ తీసి నాయిన తలకు పెట్టింది. నాయిన ఆ టోపీ జారకుండా రెండు చేతులతో పట్టుకుని, ఏడవడానికి చేతులు ఖాళీ లేక అలాగే ఏడ్చాడు. తర్వాత నా వైపు తిరిగింది. నేను రైల్లో రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది.

"తప్పయింది గిర్నీ."

"అయ్యో అన్నా, అదేం లేదు" అంటుందని ఎదురుచూశాను. నిజం చెబుతున్నాను, ఎదురుచూశాను.

"అయింది" అంది అది. కోపంగా కాదు, లెక్క సరిచూసి చెప్పినట్టు. "మస్తు ఏడ్చిన గా రోజు. నీళ్లకు గాదు." భుజం మీది బరువైన సంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇగ ఇది పట్టు. గేటు దాక దూరముంది."

పట్టుకున్నాను. ఇది మూడేళ్ల కిందటి మాట. ఇప్పుడు గిర్నీ ఎక్కడో పడమటి తీరంలో ఉంటుంది, సెలవు దొరికినప్పుడు వస్తుంది, నోరు మళ్లీ మొదటిలాగే ఆడుతుంది. ఊళ్లోవాళ్ల దగ్గర మా అన్ననే నాకు పరుగు నేర్పిండని చెబుతుంది. ఆ ఆదివారం సంగతి మాత్రం ఎత్తదు. ఎత్తి, నాలుగు తిట్టి, మరిచిపోయి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అది మంచిది కాబట్టి ఎత్తదు, నేను అన్నను కాబట్టి అడగలేను.

గేటు దగ్గర మేం దిగిన ఫొటో ఒకటి మా ముందు గదిలో గోడకు ఉంది. అందులో అమ్మ నవ్వుతోంది, నాయిన టోపీ వంకరగా ఉంది, గిర్నీ మధ్యలో నిటారుగా ఉంది. ఒక కొసన ఇరవై నాలుగేళ్లవాడొకడు, తనది కాని సంచి మోస్తూ, మడమలు కలిపి, గడ్డం పైకెత్తి, కళ్లు ఎదురుగా పెట్టి నిలబడ్డాడు. వాడికి సావధాన్ అని ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఆ ఫొటో ముందు నుంచి పోవాలంటే తల వంచుకునేవాణ్ణి. ఈమధ్య డ్యూటీకి పోతూ ఒక్కోసారి ఆగుతాను. బరువుకు వాడి కుడి భుజం ఎంత కిందికి జారిందో, దాన్ని కనబడనీయకుండా వాడు ఎంత అవస్థ పడుతున్నాడో చూస్తే, పాపం, కొంచెం నవ్వు వస్తుంది.