‘నా వల్ల కాదు’ అన్న బర్జిల్లయి

సహోదరులారా, ఒకప్పుడు పొద్దు వాలిందంటే నన్ను వెతకడమే మా ఇంటావిడ కరుణమ్మకు పని, మౌలాలి రైల్వే కాలనీలో నేను ఏ అరుగు మీద పడి ఉన్నానో, ఏ కాలువ పక్కన దొర్లుతున్నానో దేవుడికే తెలియాలి! నా పేరు బర్జిల్లయి. మా నాన్న రైల్వేలో కమ్మరి. నేను పుట్టినప్పుడు ‘అయ్యగారూ, ఇనుము ఉన్న పేరేదైనా పెట్టండి’ అని పాస్టరుగారిని బతిమాలితే, హీబ్రూలో ఇనుము అని అర్థమట, ఈ పేరు పెట్టారు. అది నా తలకెక్కింది. మందు మానమని ఎవరన్నా ‘నేను ఇనుమురా, నన్నేం చేస్తది?’ అని ఛాతీ చరుచుకునేవాణ్ని. కానీ బైబిల్లో ఆ బర్జిల్లయి ఎవరో, ఏం చేశాడో, యాభై ఏళ్లలో ఒక్కసారి చదివిన పాపాన పోలేదు!

చివరికి లివరు చెడి, కళ్లు పసుపు ముద్దలై ఆసుపత్రిలో పడ్డాను. నాతో తాగే యాదగిరి వచ్చి, ‘ఏందన్నా, ఇనుమంటివి, గిట్లయితివేంది?’ అని ఏడ్చాడు. అప్పుడు మా అమ్మాయి షారోనుకు ఏడో నెల. అది నా మంచం పక్కన నిలబడి, ‘నాన్నా, పుట్టేటి బిడ్డను నీ చేతికియ్యాలంటే భయమైతుంది’ అంది. ఆ మాట నా గుండెలో దిగింది.

మరునాడు పాస్టరుగారు వచ్చి, నా గొప్పలన్నీ విన్నవారే కదా, నవ్వుతూ బైబిల్లో రెండవ సమూయేలు గ్రంథం తెరిచి చేతిలో పెట్టారు. చదివాను. కన్నకొడుక్కి భయపడి దావీదు రాజు అరణ్యానికి పారిపోతే, ఈ ఇనుప పేరు ముసలాయన పరుపులు, కుండలు, గోధుమలు, తేనె, వెన్న తీసుకెళ్లి ఆయన్ని ఆదుకున్నాడు! తర్వాత రాజు ‘నాతో యెరూషలేముకు రా, నిన్ను పోషిస్తాను’ అంటే, ‘నాకు ఎనభై ఏళ్లయ్యా, తిన్నదీ తాగిందీ రుచి తెలియడం లేదు, నీకెందుకు భారం?’ అన్నాడు. రాజు ముందు ఛాతీ చరుచుకోలేదు సహోదరులారా, ఉన్న బలహీనత ఉన్నట్టు చెప్పుకున్నాడు! నాకు ఏడుపు ఆగలేదు.

‘ప్రభువా, నా వల్ల కాదు. మానాలని ఉంది, మానలేకపోతున్నాను. ఇనుమునని చెప్పిందంతా అబద్ధం తండ్రీ, నన్ను పట్టుకో!’ అని ప్రార్థించాను. పక్కనున్న కరుణమ్మ ‘ఆమేన్’ అని ఎంత గట్టిగా అరిచిందంటే, నర్సమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది!

అంతటితో అయిపోయిందనుకోకండి, చేతులు వణికాయి, నాలుక పీకింది, డాక్టరు ఇచ్చిన మందులన్నీ మింగాను, సాయంత్రమైతే కరుణమ్మ నన్ను లాక్కుని ప్రార్థనకు తీసుకెళ్లేది, యాదగిరి కూడా ‘పా అన్నా, చాయ్ తాగుదాం’ అని తోడొచ్చేవాడు. రెండేళ్లు దాటింది, చుక్క ముట్టలేదు. దేవునికే మహిమ!

మనవరాలు పుట్టాక కూడా షారోను చాలా నెలలు పిల్లను నా చేతికివ్వలేదు, పక్కన కూర్చుని చూడనిచ్చేది, అంతే. దాని తప్పేముంది? మొన్న సైనిక్‌పురి నుంచి వచ్చి, పిల్లను నా ఒళ్లో పెట్టి, ‘నాన్నా, జెర చూస్కో, మార్కెట్‌కు పోయొస్తా’ అంది. చెప్పులు తొడుక్కుని గేటు తీసి వెళ్లిపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు!

యేసయ్యకు వందనాలు, వేల వందనాలు! మీలో ఎవరైనా ఇంకా ఛాతీ చరుచుకుంటూ ఉంటే, తమ్ముడూ, ఇక చాలించు. నీ వల్ల కాదని ఆయనతో చెప్పు. ఆయన వల్ల అవుతుంది.