గాజేనా, గీతనా

మా పక్కింటి మైకుసెట్టు కాక పోయిన నెలలో చనిపోయాడు. చావు కబురు నాకు గోడ మీదుగా వచ్చింది. పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని జాకెట్ కుడుతుంటే చిన్నమ్మ, అంటే కాక భార్య, గోడ అవతల నిలబడి "బిడ్డా, మీ కాక లేస్తలేడే" అన్నది. కొండాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా ఎన్ని ఊళ్ల పెళ్లిళ్లకు, జాతరలకు మైకు కట్టాడో లెక్కలేదు. ఆయన పోయిన రోజు మాత్రం మా గల్లీలో ఫ్యాక్టరీ సైరన్ తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఆయనతో నా పరిచయమే గొడవతో మొదలైంది. డీజేలు వచ్చి మైకుసెట్టుకు గిరాకీ పడిపోయాక, మూతపడ్డ ఏదో కంపెనీ ఆఫీసు అమ్మేసిన కంప్యూటర్ కొన్నాడు. తన దగ్గరున్న పాత నల్ల రికార్డుల పాటలన్నీ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం గోడ మీద తల కనిపించింది.

"అమ్మా, జెర మిషన్ బంద్ పెట్టు. నీ కుట్లన్నీ నా పాటల పడ్తున్నయి!"

రెండిళ్లకూ ఒకటే కరెంటు తీగ. నా మిషన్ మోటారు తిరిగినప్పుడల్లా ఆయన పాటలో బర్రుమని వచ్చేదట. "నువ్వే పాట ఆపుకోరాదు కాకా, నా పొట్ట ఎట్ల ఆపుకుంట?" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ రోజు నుంచి నేను అన్నానికి లేచిన వేళ చూసి రికార్డు పెట్టుకునేవాడు.

చేసేది ఎంత పద్ధతిగా చేసేవాడో! బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రికార్డు కడిగి, నా దగ్గర అడిగి తీసుకున్న మెత్తటి మల్లు గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టేవాడు. ఇంటి వెనక కరెంటుకు ఎర్తు గుంత ఉండేది. ఉప్పు, బొగ్గు వేసి ఇనుప పైపు దించిన గుంత. రోజూ పొద్దున దాంట్లో ఒక బకెట్ నీళ్లు పోసేవాడు. "భూమి ఎండితే కరెంటు ఏడుస్తది బిడ్డా" అనేవాడు. నిజమే, నీళ్లు పోయని రోజు పాట వెనక గుయ్యిమని ఒకటే రొద.

మా అమ్మ పాడిన రికార్డు ఒకటి ఉంది. ఎనభైల్లో హైదరాబాద్ నుంచి రికార్డుల వాళ్లెవరో వచ్చి, మా ఊరి ఆడవాళ్లను ఐదుగురిని తీసుకుపోయి బతుకమ్మ పాట పాడించారు. ముందు గొంతు అమ్మది. ఆ రికార్డులో తప్ప అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. దాని నిండా గీతలే. పెడితే పేలాలు వేగుతున్నట్టు టపటపలాడేది. కాకకు ఇచ్చాను. పది రోజులకు సీడీ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఒక్క టిక్కు లేదు, ఇనుకో" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

నిజంగానే ఒక్క టిక్కు లేదు. అమ్మ గాజులూ లేవు. చప్పట్లు కొట్టినప్పుడల్లా గలగలలాడే చేతినిండా గాజులు. టిక్కుమన్నదల్లా తీసేయమని చెప్తే కంప్యూటర్ గీతలతో పాటు వాటినీ ఊడ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. గోడ దగ్గరికి పోయి గల్లీ అంతా వినేలా అరిచాను.

"మా అమ్మ పసుపు కుంకుమలతోని పోయింది కాకా. సచ్చిపోయినంక ఆమె గాజులు నువ్వు పగలగొట్టినవ్!"

ఆ తర్వాత వారం రోజులు గోడ మీద తల కనిపించలేదు. ఎనిమిదో రోజు చిన్నమ్మ వచ్చి పిలిస్తే పోయాను. కాక తన కుర్చీ పక్కన స్టూలు వేసి, పాత ఆంప్లిఫయర్‌కు తగిలించిన హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు.

"నాకు గాజులు ఇనరావు బిడ్డా. పదేండ్లాయె. మైకు హార్న్‌ల పక్కన నిలవడి నిలవడి చెవులు పోయినయి. సన్న చప్పుడేదీ ఇనరాదు. కోయిల సుత ఇనరాదు. అండ్ల గాజులున్నయని తెల్వకనే తీసిన. మల్ల మొదటికెల్లి చేద్దాం, ఈసారి చేత్తోని, ఒక్కొక్కటి. నువ్వు జెర ఇని చెప్పు."

నా నోరు పడిపోను! ఎలాంటి మనిషిని ఎంత మాట అన్నానో అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి ఏడాది దాకా ప్రతి ఆదివారం ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన తెర మీద పాటను పెద్దది చేసి వేలితో చూపేవాడు. "సూడు, గీత ముల్లు లెక్క నిలవడ్తది. గాజుకు తోకుంటది, వణుక్కుంట సన్నవడ్తది." రెండూ కలిసిపోయిన చోట ఆగి నా వైపు తిరిగేవాడు.

"గాజేనా, గీతనా?"

గీత అంటే చెరిపేవాడు. గాజు అంటే, తనకు వినబడకపోయినా, విన్నట్టే తల ఊపి ముందుకు పోయేవాడు. ఒక్కో ఆదివారం ఒక్క పాదం కూడా దాటేది కాదు. "జల్దీ కానియ్ కాకా" అంటే, "కడిగేటోనికి ఎక్కడ ఆపాల్నో తెల్వాలె. నాకు ఒక్కపారి తెల్వలే గద" అనేవాడు. అన్నది నన్ను కాదు, తనను. తప్పైంది కాకా అని చెప్పడానికి నాకు అన్ని ఆదివారాలు దొరికాయి. వచ్చే వారం చెబుదాంలే అనుకుంటూ ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

పదకొండో దినం అయ్యాక చిన్నమ్మ పిలిచింది. "ఆ కంప్యూటర్ డబ్బా అమ్మేస్తమంటున్నరు పిల్లలు. మీ అమ్మ పాట ఉంటే తీస్కో బిడ్డా." స్టూలు మీద కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. చెవుల నిండా గుయ్యిమని రొద. ఇన్ని రోజులూ గుంతలో నీళ్లు పోసినవాళ్లు లేరు. లేచి వెనక్కి పోయి బకెట్ నింపాను. మూడు బకెట్లు తాగింది గుంత. మళ్లీ వచ్చి పెట్టుకుంటే రొద సన్నబడింది.

మూడు చరణాలు కడిగిన ముత్యంలా ఉన్నాయి. అమ్మ గొంతు, చప్పట్లు, గాజులు. నాలుగో చరణం మధ్యలో, కాక ఆగిపోయిన చోట, మళ్లీ పేలాల చప్పుడు మొదలైంది. తెర మీద అక్కడే ఒక ముల్లు నిలబడి ఉంది. తోక లేదు. అది గీతేనని నాకు తెలుసు. ఎలా చెరపాలో కూడా ఆయన నేర్పాడు.

పక్కన ఖాళీ కుర్చీ వైపు తిరిగాను.

"గాజే కాకా, ఉండనియ్" అన్నాను.

హెడ్‌ఫోన్ తీసేశాను. ఇంటి వెనక గుంతలో నీళ్లు బుడబుడమంటూ ఇంకా ఇంకుతున్నాయి.