మూడోసారి అడగాల్సిన ప్రశ్న

సునామీ తర్వాత కొన్ని నెలలు, హిందీయే ఎక్కువ నడిచే మా దీవిలో, రేకుల షెడ్ల శిబిరంలో ఫారాలు నింపే పని చేశాను. డిగ్రీ ఉంది, తెలుగూ హిందీ వచ్చు. పాలు తాగే పాపను అమ్మ దగ్గర వదిలి, మా పేట బతు బస్తీలో బస్సెక్కేదాన్ని. రోడ్డు సముద్రం పక్కకు తిరిగితే చాలు, దిగి ఇంటికి పరిగెత్తాలనిపించేది.

మనసు కుదుటపడడానికి ఎలాంటి సాయం కావాలో అడిగి రాయాలి. ఒంటరిగా మాట్లాడతారా, పదిమందిలోనా? ఆడమనిషితోనా, మగవాళ్ళతోనా? మాటలా, మందులా? ప్రతి ప్రశ్నకూ చివర 'ఏదైనా ఫరవాలేదు' అని ఒక గడి.

భర్తను కెరటం తీసుకుపోయిన ఒకామెను పిన్నీ అని పిలిచేదాన్ని. ఏది అడిగినా, "మీ ఇష్టమమ్మా, చదువుకున్నోళ్ళు" అంది. అన్నిటికీ చివరి గడిలోనే టిక్కు పెట్టాను. మనవాళ్ళు భోజనం దగ్గరైనా మూడుసార్లు అడిగితే గాని కావలసింది చెప్పరు. తెలిసీ, అలసటతో ఒక్కసారే అడిగాను.

ఆమెను మగవాళ్ళు ఎక్కువున్న గుంపులో, హిందీ మాట్లాడే కౌన్సిలర్ ఒకాయన ముందు కూర్చోబెట్టారు. రెండో వారం రాలేదు. ఇంకో వారం చూసి పేరు కొట్టేస్తామన్నారు ఆఫీసులో మా పై ఆవిడ.

నేను వెళ్ళేసరికి పిన్ని షెడ్డు వెనక చేపలు తోముతోంది.

"మానేశావేం పిన్నీ?"

"అంతమంది మగాళ్ళ ఎదట నా మొగుడి గురించి ఏటి చెప్పుకోను బేటీ?"

"ఆ రోజే చెప్పొచ్చుగా!"

"పాప పాలకేడుస్తాదని నువ్వు గడియారం చూస్తన్నావు. నిన్ను ఆపేసి నా గోల చెప్పమంటావేటి?"

పక్కనే చతికిలబడి మళ్ళీ అడిగాను. "మీ ఇష్టం" అంది. మూడోసారి అడిగాను.

"తెలుగు పిల్ల ఒకతె ఇలా పక్కన కూకోవాల. ఎదురుగా కాదు. నా చేతిలో పనుండాల."

అలాంటి గడి లేదు. ఫారం అంచున రాసిచ్చాను. "ఇది కంప్యూటర్లో ఎక్కడ ఎక్కించను?" అని హిందీలో విసుక్కున్నారు పై ఆవిడ. చివరికి డిస్పెన్సరీలోని తెలుగు నర్సును పంపడానికి ఒప్పుకున్నారు.

నర్సు వచ్చి, కత్తి తీసుకుని పిన్ని పక్కన కూర్చుంది. నేను మిగతా ఫారాలతో కాస్త దూరంలో ఉన్నాను. దాదాపు అన్నిటిలోనూ టిక్కు చివరి గడిలోనే. అందరినీ మళ్ళీ అడగాలి.

"తోక అలా కోత్తారేటే! ఎవరు నేర్పారు నీకు?" అని పిన్ని కసిరింది. ఇంకో చేప అందుకుంది. తర్వాత చేతులు ఆపకుండానే అంది:

"తోక ముక్క మా ఆయనకే ఉంచేదాన్ని."