పది దాకా లెక్క

తిరువూరు జనానికి తెలియజేయడం ఏమనగా, పత్తి మిల్లు ఆఫీసులో మూడో నంబరు ఫోనుకి గంట మోగడం లేదు. కాటా దగ్గరుండే గుమాస్తా ప్రతి చిన్న కబురుకీ మెట్లెక్కి పైకి రావలసి వస్తోంది. ఆయన మోకాళ్ల సంగతి తెలిసిందే కాబట్టి ఊరంతా ఈ విషయం మీద తగినంత విచారం వ్యక్తం చేయాలని మనవి.

బాగుచేయడానికి మా మేస్త్రి రాడు. పోయిన బేస్తవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్నవాడు అలాగే పోయాడు.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. కట్టే బిల్డింగుల్లో ఫోను తీగలు వేసే మేస్త్రి. మా చుట్టుపక్కల ఏ మిల్లులో, ఏ ఆఫీసులో ఈ గదికీ ఆ గదికీ ఫోను పలుకుతున్నా, గోడలో తీగ చాలావరకు ఆయన లాగిందే. రెండో చివర పట్టుకున్నది నేను. ఏడో క్లాసుతో బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి. నాలాంటివాడి చేతికి సుద్దముక్క ఇచ్చి "ఈ గోడ నువ్వు గీయి" అన్న మనిషి ఆయనొక్కడే. పన్నెండేళ్లు ఆయనతో తిరిగాను.

గోడలకి పూత పడకముందే వెళ్లేవాడు. తలుపులు కూడా లేని గదుల్లో నిలబడి ఓనర్ని అడిగేవాడు. "ఇక్కడ ఎవరు కూర్చుంటారండి? ఎటు తిరిగి కూర్చుంటారు? ఏ చేత్తో రాస్తారు?"

"ఫోనుకి చేతుల గొడవెందుకయ్యా?"

"కుడిచేత్తో రాసేవాళ్లు ఎడంచేత్తో ఫోనెత్తాలండి. తీగ అటుపక్కకి రావాలి. పూతేశాక మీకు గుర్తొస్తే నేను గోడ పగలగొట్టాలి."

నేను ఊరుకోకుండా, "ఆ కూర్చునేవాడిది ఎడంచేతివాటం అయితేనో?" అనేవాణ్ణి. "వీడి మాటలు పట్టించుకోకండి" అనేవాడు. కాసేపటికి తనే వెళ్లి కనుక్కొచ్చేవాడు.

తీగ లాగాక రెండు చివరలా గుడ్డముక్క కట్టి నంబరు రాయాలి. ఓసారి నేను ఒకవైపే రాస్తే, "ఈ చివర రాసి ఆ చివర రాయకపోతే ఆ తీగ మనకి తెలిసినట్టా, తెలియనట్టా?" అన్నాడు. వెళ్లి ఆ చివర కూడా రాసొచ్చాను.

ఆఖర్న తీగ పలికించి చూడటం. ఆయన ఈ చివర, నేను ఆ చివర. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. ఒక్క అంకె కరకరలాడినా మళ్లీ లాగడమే. నేను బుద్ధిగా లెక్కపెట్టే రకమా? బెజవాడ బస్సు కండక్టరు గొంతు పెట్టి "మైలవరం దిగేవాళ్లు ముందుకి రావాలి" అనేవాణ్ణి. "ముందు లెక్క, తర్వాత నీ టికెట్లు" అనేవాడు ఆయన.

మేస్త్రి భార్యని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఏ మాటైనా "ఏవండోయ్, వింటన్నారా" అనే మొదలెట్టేది. మూడేళ్ల కిందట జ్వరమొచ్చి పోయింది. రెండు నెలలు ఆయన పనిలోకి రాలేదు. వచ్చాక నోట్లోంచి మాట లేదు. అప్పుడే మిల్లు ఆఫీసు పని. నేను కింద గోడౌనులో, ఆయన పైన. పది దాకా లెక్కపెట్టేశాను. ఆయన్ని కాస్త నవ్వించాలనిపించింది. అక్క గొంతు పెట్టి, "ఏవండోయ్, వింటన్నారా. మజ్జిగ మీద మూత పెట్టారా?" అన్నాను.

చాలాసేపటికి నెమ్మదిగా ఒక్క మాట వచ్చింది.

"పెట్టాను."

మెట్లెక్కాను. పైకి వెళ్లి చూస్తే నేల మీద కూర్చుని గుడ్డముక్క మీద నంబరు రాస్తున్నాడు. "తీగ మంచిదే, తర్వాతది చూడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఏ బిల్డింగులో తీగ చూసినా, నేను పది అన్నాక ఆయన వెంటనే ఫోను పెట్టేవాడు కాదు.

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు మేస్త్రి గారూ."

ఇంకాసేపు ఉండి పెట్టేవాడు. తీగల పని చేసేవాణ్ణి నాకే తీగలంటే భయం పట్టుకుంది. పూతేసిన గోడ పక్కన నడుస్తుంటే లోపల ఎవరో మాట కోసం ఆగి ఉన్నట్టుండేది.

పోయిన నెల గంపలగూడెంలో ఓ ధాన్యం వ్యాపారి ఆఫీసు. అప్పటికే ఆయనకి ఆయాసం. నేను పది అన్నాక, ఈసారి నోరు తెరిచి అడిగాడు. "ఒరేయ్, ఒక్కసారి మీ అక్కలా పలకరా."

గొంతు సవరించుకుని పలికాను. "అలా కాదురా, 'ఏవండోయ్' దగ్గర కాస్త సాగదీసేది" అని, ఆ ఆయాసంలో, ఆ బొంగురు గొంతుతో ఆయనే పలికాడు. అచ్చం అక్క. చెరో చివరా నవ్వుకున్నాం.

ఇది బాగుందనుకునేవాళ్లకి చెప్పేస్తున్నాను. జనాన్ని ఏమార్చడం నాకు అలవాటే గానీ, ఆయన విషయంలో వద్దు. మజ్జిగ మాట నిజం. "పెట్టాను" నిజం. నవ్వించాలనిపించిందన్నది నేను కల్పించింది. అక్క గొంతు నాకొస్తుందో లేదో చూసుకోవాలనిపించింది, అంతే. గంపలగూడెంలో ఆయన అడగడం కూడా నిజమే. ఆ తర్వాత పలికిందీ, దిద్దిందీ, నవ్విందీ మొత్తం కల్పించాను. నేను పలకలేదు. "పనుందండీ" అని ఫోను పెట్టేశాను.

సామాన్లు సర్దుకుని ఆయనున్న గదికి వెళ్లేసరికి బాగానే సేపయింది. ఇంకా ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు. రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని.