దిగకుండా నిలబెట్టిన రేకు

మా మగ్గాల వాడ పూడ్చిన కుంట మీద కట్టింది. వానలు పడితే నేల దిగేది. అరుగు మీద కూర్చుని చాయ్ మొదలుపెడితే గ్లాసు ఖాళీ అయ్యేలోపు కాళ్లు వాకిట్లో ఆనేవని చెప్పుకు తిరిగేవాణ్ని. నిజానికి ఏడాదికి బెత్తెడు కూడా ఉండదు. గోడలకు అదే ఎక్కువ. మా వెనక గోడ పగులులో పిల్లి కాపురం పెట్టి పిల్లల్ని కన్నది.

ఎనభైల చివర్లో ఆఫీసర్లు వచ్చారు. విమానానికి రాడార్ కట్టి, నేల ఎంత దిగుతోందో పైనుంచే కొలుస్తారట. వానలకు ముందోసారి, తర్వాతోసారి. రాడార్‌కు ఆనవాలుగా మూడు రేకులు మూలగా కలిపిన గంపలాంటిది మా వాకిట్లో పెట్టారు. వాడ మొత్తానికి అదొక్కటే. నా నోట్లో అది రామప్ప గుడంత అయింది. నేల దిగినట్టు తేలితే అందరికీ గట్టినేల మీద జాగాలిస్తారు. మా పెద్దమ్మ అప్పుడే కొత్తింట్లో పొయ్యి ఏ మూలనో తేల్చేసింది.

"జర పైలంగ చూసుకో పెద్దాయనా," అన్నాడు ఆఫీసరు.

"ఫికర్ చెయ్యకు సారూ. మగ్గం లెక్కనే చూస్త," అన్నాడు మగ్గం నేసే మా పెద్దనాయన.

అలాగే చూశాడు. మగ్గం గుంజ కాస్త దిగితే బట్ట వంకర పోతుంది. అందుకే రోజూ పొద్దున్నే గుంజల కింద చెక్కముక్కలు దోపి ఎత్తు సరిచేసేవాడు. వానల్లో రేకు దిగితే దాని కిందా రాళ్లు దోపాడు.

"ఇంకా వంకరనే ఉన్నదయ్యా," అంది పెద్దమ్మ.

"నీ మెడ వంకరున్నది. రాయి అందియ్యి!"

రెండోసారి విమానం వచ్చింది. ఆ మోతకు నర్సంపేట కోళ్లు గుడ్లు మానేశాయన్నాను. కొన్నాళ్లకు ఆఫీసరొచ్చి, "ఇక్కడ నేల కదల్లేదు, ఇండ్లకేం భయం లేదు," అన్నాడు. అంతలో రేకు కింద రాళ్లు చూశాడు. "ఇవి ఎవరు పెట్టిన్రు?"

"నేనే సారూ. నూలుపోగంత గూడ దిగనియ్యలే!"

ఆఫీసరు అరుగు మీద కూలబడ్డాడు. "అది నేలతోని దిగాలె పెద్దాయనా. మళ్ల వచ్చే ఏడే విమానం."

ఆ నెలలోనే వెనక గోడ కూలింది. పెద్దమ్మ దాని నీడన రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. మట్టి తీసేసరికి చెయ్యి రాట్నం మీదే ఉంది. ఇది మాత్రం జరిగినంతే రాశాను.

విమానంతో పనిలేకుండానే జాగాలిచ్చారు. కొత్త జాగాలో పెద్దనాయన, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట తవ్వబోతే గడ్డపార ఎగిరిపడింది. అంతా రాయి.

"మంచి గట్టిగున్నది," అన్నాడు పెద్దనాయన. గడ్డపార పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాడు. మళ్లీ మగ్గమెక్కలేదు.